చదరంగంలోకి డ్యూలింగో.. పిల్లలకు పనికొస్తుందా?

ఆకుపచ్చ గుడ్లగూబ బొమ్మతో భాషలు నేర్పే డ్యూలింగో యాప్ చాలామంది పిల్లల ఫోన్లలో కనిపిస్తుంది. ఆ అమెరికన్ కంపెనీ 2025 ఏప్రిల్‌లో చదరంగం కోర్సు కూడా ప్రకటించింది. మొదట ఐఫోన్లలో, ఇంగ్లీషులో మొదలైంది. గుర్రం ఎలా దూకుతుంది, బంటు ఎలా చంపుతుంది అన్న దగ్గర్నుంచి చిన్న చిన్న పాఠాలుగా నేర్పిస్తుంది. ఆస్కర్ అనే బొమ్మ మాస్టారుతో ఆట కూడా ఆడొచ్చు.

పది కోట్ల మందికి పైగా వాడే యాప్‌కు షత్రంజ్‌తో ఏం పని? అసలు ఈ వ్యాపారంలో అమ్మడానికి ఏం మిగిలింది?

ఒకప్పుడు బాగా ఆడే కంప్యూటర్ ప్రోగ్రామ్ కావాలంటే డబ్బు పెట్టి సీడీ కొనాల్సిందే. యూబీసాఫ్ట్ వారి చెస్‌మాస్టర్ అలాంటిదే. దాని చివరి పీసీ ఎడిషన్ 2007లో వచ్చింది. ఆ మరుసటి ఏడాదే స్టాక్‌ఫిష్ మొదలైంది. ప్రపంచ ఛాంపియన్‌ను కూడా ఓడించగల ఈ ప్రోగ్రామ్ పూర్తిగా ఉచితం, దాని కోడ్ సైతం ఎవరైనా చూసుకోవచ్చు. ఫ్రాన్స్‌లో పుట్టిన లీచెస్‌లో ఆటలు, పజిల్స్, విశ్లేషణ అన్నీ ఫ్రీ. విరాళాలతో నడుస్తుంది, ప్రకటనలు ఉండవు.

అంటే ఆడే తెలివికి ఇప్పుడు ధర లేదు. డ్యూలింగో తెచ్చింది వేరే సరుకు: రోజూ యాప్ తెరిపించే అలవాటు. వరుసగా ఎన్ని రోజులు వచ్చారో లెక్క చూపిస్తుంది. ఒకరోజు మానేస్తే ఆ లెక్క పోతుందని గుర్తుచేస్తూ ఉంటుంది. ఫ్రీగా వాడితే మధ్యలో ప్రకటనలు, అవి వద్దంటే చందా.

ఇదంతా మోసమేమీ కాదు. పావులు పట్టడం కూడా రాని పిల్లాడికి స్టాక్‌ఫిష్ ఏం నేర్పుతుంది? ఓడించి వదిలేస్తుంది అంతే. అలాంటి వాడికి మొదటి రెండు మూడు నెలలు ఈ తరహా పాఠాలు నిజంగా పనికొస్తాయి. ఆ తర్వాత కూడా చందా కట్టాలా అన్నదే ప్రశ్న. ఆట వచ్చేశాక సాధన చేయడానికి ఉచిత సైట్లు చాలు. కట్టే ముందు లీచెస్‌లో నాలుగు రోజులు ఆడించి చూస్తే పోయేదేమీ లేదు.

ఇంకో సంగతి. యాప్ చూపించే రేటింగ్ ఆ యాప్ వరకే. వరంగల్ కుర్రాడు అర్జున్ ఇరిగేసి 2024 డిసెంబర్ ఫిడే జాబితాలో 2800 దాటాడు. ఆ అంకె ఫోన్‌లో వచ్చింది కాదు, బోర్డు ముందు ఎదురెదురుగా కూర్చుని ఆడిన టోర్నమెంట్లలో వచ్చింది. పిల్లలు అటు వెళ్లాలనుకుంటే చందా డబ్బును టోర్నమెంట్ ఎంట్రీ ఫీజుకు దాచిపెట్టడమే నయం.