ఒక రాత్రి వనవాసము

కార్తీకమాసము వచ్చినదనగా మన తెలుగునాట వనభోజనముల సందడి మొదలగును. ఉసిరిక చెట్టు నీడన వంటలు చేసికొని, బంధుమిత్రులతో గూడి భుజించి, ప్రొద్దు గ్రుంకక మునుపే ఇండ్లకు మరలి వచ్చుట పెద్దలు ఏర్పఱచిన ఆచారము. ఈ ఆచారమునందు అడవి మనకు చాప పఱచుకొను చోటు మాత్రమే. అది నిజముగ మేలుకొను వేళకు మనము ఊరు చేరి నిద్రించుచుందుము.

1991వ సంవత్సరమున భారత సర్వోన్నత న్యాయస్థానము పర్యావరణ విద్యను పాఠశాలలలో తప్పక బోధింపవలెనని తీర్పు చెప్పినది. 2001లో జాతీయ హరిత దళము అను పేర పాఠశాలలయందు పర్యావరణ సంఘములు ఆరంభమైనవి. అప్పటినుండి విద్యార్థులను అడవులకును జలాశయములకును గొనిపోవుట క్రమముగ వాడుకలోనికి వచ్చినది. ఇది మేలైన పద్ధతి. పుస్తకములోని బొమ్మను జూచి అడవిని నేర్చినవాడు, గట్టున గూర్చుండి ఈత నేర్చినవాని వంటివాడు. అయినను ఒక రాత్రి ఆరుబయట నుండుట వనభోజనము వంటిది కాదు. దానికి సన్నాహము కావలెను. ఆ సన్నాహములో మూటలు కట్టుట మిక్కిలి చిన్న భాగము.

ఖమ్మము జిల్లాలోని తిరుమలాయపాలెమునందు ఎనిమిదవ తరగతి చదువు విద్యార్థులు ఇట్టి యాత్రకు బయలుదేరుచున్నారని అనుకొందము. వారిది పత్తి, మిరప, వరి పండు మైదానపు సీమ. చెరువు, గట్టు, చేను వారికి చిరపరిచితములు. గోదావరి చెంతనున్న దట్టమైన అడవిని చూడవలెనన్న వారు ఖమ్మము దాటి, కొత్తగూడెము మీదుగ భద్రాచలము దిక్కునకు పోవలెను. ఆ మార్గమున పాల్వంచకు సమీపమున కిన్నెరసాని వన్యప్రాణి అభయారణ్యము కలదు. 1977లో ఏర్పడిన ఈ అభయారణ్యపు విస్తీర్ణము 635 చదరపు కిలోమీటర్లు. టేకు, నల్లమద్ది, తునికి, ఇప్ప, వెదురు ఇచ్చటి ముఖ్య వృక్షములు. చుక్కల దుప్పులు, అడవిపందులు, ఎలుగుబంట్లు ఇందు సంచరించును. గోదావరికి ఉపనదియైన కిన్నెరసానిపై కట్టిన జలాశయములో మొసళ్లు కలవు. విశ్వనాథ సత్యనారాయణగారి ‘కిన్నెరసాని పాటలు’ అను కావ్యము పేరు మీరు వినియే యుందురు. ఆ కిన్నెర ఈ యేరే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి అటవీశాఖవారి అనుమతి లేక అభయారణ్యమున ప్రవేశింపరాదు. రాత్రి బస వారు చూపిన చోటనే గాని మన యిష్టము వచ్చిన చోట కాదు.

ప్రయాణమునకు ఒక నెల ముందుగ సన్నాహమును ఊరిలోనే ప్రారంభింపవలెను. పాఠశాల ఆవరణలో ఒక మూల, పొడవునను వెడల్పునను ఒక్కొక మీటరు వచ్చునట్లు నాలుగు పుల్లలు నాటి, వానికి పురికొస కట్టుడు. ఆ చదరము ప్రక్కన అరగంట కదలక కూర్చుండుడు. అందు ఎన్ని రకముల మొక్కలు కలవు? ఎన్ని విధముల పురుగులు వచ్చిపోయినవి? చీమలు ఏ దారిన నడచుచున్నవి? మన్ను తడిగ నున్నదా, పొడిగ నున్నదా? చూచినదెల్ల వ్రాసికొనుడు. పేరు తెలియని మొక్కకు బొమ్మ గీసి ‘అ’ యనియో ‘ఆ’ యనియో గుర్తు పెట్టిన చాలును, దానిని పెకలింపరాదు. ఇట్టి చదరమునే పత్తిచేని నడుమ నొకటి, ఆ చేని గట్టున నొకటి వేసి చూచినచో ఒక చిత్రమైన సంగతి తెలియును. కలుపు తీసి, మందు చల్లిన చేనిలో మొక్కల రకములు వ్రేళ్లపై లెక్కింపదగినన్ని మాత్రమే యుండును. రెండడుగుల దూరముననున్న గట్టుపై అంతకంటె ఎక్కువ కానవచ్చును. ఈ లెక్క చేతనున్న విద్యార్థి అడవిలో అదే కొలత చదరము వేసినప్పుడు తానేమి చూచుచున్నాడో ఎఱుగును. లేనివానికి అడవి యంతయు ఒకే పచ్చని గోడవలె దోచును.

ఉష్ణమాపకముతో చేయు పరిశీలన ఒకటి కలదు. దానిని గూడ ముందు ఇంటివద్దనే అభ్యసింపవచ్చును. సాయంకాలము 6 గంటలకు, రాత్రి 9 గంటలకు, తెల్లవాఱుజామున 5 గంటలకు ఆరుబయట నొకసారి, గుబురైన చెట్టు క్రింద నొకసారి వేడిమిని కొలువుడు. పగలు గ్రహించిన వేడిమిని భూమి రాత్రివేళ ఆకాశమునకు వెడలగ్రక్కును. ఆరుబయట అది అడ్డు లేక పోవును. చెట్టు క్రిందనో, ఆకుల కప్పు అందు కొంత భాగమును తిరిగి నేలకు పంపును. కావున మబ్బు లేని చలికాలపు రాత్రులందు ఆరుబయటి చలి చెట్టు క్రింది చలి కంటె తీవ్రముగ నుండును. దుప్పటి ఎచ్చట పఱచుకొనవలెనో ఈ అంకెలే మీకు చెప్పును.

ఇక చీకటి. మన పిల్లలకు చీకటి పరిచయము నానాటికి తగ్గిపోవుచున్నది. వీధిదీపమో, ఇంటిదీపమో, సెల్‌ఫోను వెలుగో ఎల్లప్పుడును కంటికి సోకుచునే యుండును. చీకటికి కన్ను పూర్తిగ అలవడుటకు సుమారు అరగంట పట్టును. కంటి లోపలి పొరయందు రొడాప్సిన్ అను పదార్థము కలదు. వెలుతురు తగిలినప్పుడు అది విచ్ఛిన్నమై, చీకటిలో మెల్లమెల్లగ తిరిగి కూడుకొనును. గుంపులో ఒక్కడు టార్చిలైటు వెలిగించినను అందఱి అరగంటయు వ్యర్థమగును. ఎఱ్ఱని కాంతి ఆ పదార్థమును అంతగా చెఱుపదు. కావున టార్చి ముఖమునకు ఎఱ్ఱని పలుచని కాగితము కట్టుకొని పోవలెను. వారమునకు రెండు రాత్రులు ఇంటి డాబాపై దీపము లేక అరగంట కూర్చుండి, వినబడిన ధ్వనులను మనసున లెక్కించుట అలవాటు చేసికొనుడు. మొదటి రాత్రి కుక్క అఱపు, మోటారు రొద తప్ప మఱేమియు వినరాదు. నాలుగవ రాత్రికి కీచురాళ్లలోనే రెండు మూడు గొంతులు వేఱుగ తెలియును. కార్తీక మార్గశీర్షములందు తూర్పున కృత్తికలు పొడచూపును. మన పల్లెలలో వానిని పిల్లలకోడి యందురు. ఆ గుంపులో మీ కంటికి ఎన్ని చుక్కలు కానవచ్చునో ఊరిలో ఒకసారి, అడవిలో ఒకసారి లెక్కింపుడు.

ఇంతవరకు చెప్పినది చూచుటను గూర్చి. ప్రాణములకు సంబంధించిన సంగతులు మఱి కొన్ని కలవు. వీనిలో మొదటిది నీరు. 2014 జూన్ 8వ తేదీన హిమాచల్ ప్రదేశ్‌లోని మండి సమీపమున, విహారయాత్రకు వెళ్లిన హైదరాబాదు ఇంజనీరింగు విద్యార్థులు బియాస్ నదిలో రాళ్లపై నిలిచి ఛాయాచిత్రములు తీసికొనుచుండగా, ఎగువనున్న లార్జీ జలాశయమునుండి విడిచిన నీరు అకస్మాత్తుగ వచ్చి పడినది. 24 మంది విద్యార్థులు కొట్టుకొనిపోయిరి. వారు దిగినప్పుడు నదిలో నీరు కొద్దిగనే యుండెను. ఆనకట్టకు దిగువనున్న యేరు ఎండినట్లు కనబడినను ఎండినది కాదు. ఎగువ తలుపు లెత్తిన నిమిషములలో అది నిండును. పై జలాశయమునందు మొసళ్లు కలవని చెప్పియే యుంటిమి. కనుక ఈ యాత్రలో నీటి యంచునకు పోవుట కూడదు. ఈత వచ్చినవానికిని ఈ నియమము వర్తించును. ఇందు మినహాయింపు కోరు విద్యార్థిని ఇంటివద్దనే ఉంచుట మేలని నా అభిప్రాయము.

రెండవది పాము. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అను నాలుగు జాతులవలననే మన దేశమున పాముకాటు మరణములు ఎక్కువగ జరుగుచున్నవి. వీనిలో కట్లపాము రాత్రివేళ సంచరించి, నేలపై పండుకొన్నవారిని నిద్రలో కఱచును. ఆ కాటు నొప్పి యుండకపోవచ్చును. గుర్తు సైతము సరిగ కనబడదు. తెల్లవాఱునప్పటికి కడుపునొప్పి, ఱెప్పలు వాలిపోవుట, మాట తడబడుట కలుగును. కావున రాత్రి లేచిన పిల్లవాడు ‘కడుపు నొచ్చుచున్న’దనిన ఉపాధ్యాయుడు దానిని తేలికగ తీసికొనరాదు. దోమతెర కట్టి దాని యంచులను చాప క్రిందికి మడచినచో దోమయే గాక పామును లోనికి రాలేదు. దోమ మాత్రము తక్కువ శత్రువా? మలేరియా క్రిమి దోమ శరీరమున నుండుటను రోనాల్డ్ రాస్ 1897లో కనుగొన్నది మన సికింద్రాబాదులోనే. పాము కఱచినచో కోయుట, పీల్చుట, బిగించి కట్టుట, నాటుమందు పోయుట పనికిరాదు. కఱచిన అవయవమును కదల్పక, 108కు కబురంపి, విషమునకు విఱుగుడు మందు గల వైద్యశాలకు చేర్పవలెను. అడవిలో సెల్‌ఫోను పలుకకపోవచ్చును. కనుక పాల్వంచ, కొత్తగూడెములలో ఏ వైద్యశాలయందు ఆ మందు సిద్ధముగ నున్నదో బయలుదేరుటకు ముందే కనుగొని వ్రాసికొనవలెను. రాత్రి యంతయు ఒక వాహనము బస చెంతనే నిలిచి యుండవలెను.

మూడవది దారి తప్పుట. ఇద్దఱిద్దఱిని జతలుగ నేర్పఱచి, కదలిన ప్రతిసారియు లెక్క చూడవలెను. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున 1981లో తొమ్మిదేండ్ల బాలుడొకడు కొండలలో తప్పిపోయి మరణించిన పిదప, ‘చెట్టును కౌగిలించుకొనుము’ అను పాఠమును పిల్లలకు నేర్ప మొదలిడిరి. తప్పిపోయితినని తెలిసిన క్షణమున దగ్గఱి చెట్టును ఆశ్రయించి అచ్చటనే యుండవలెనని దాని భావము. వెదకువారు మనము చివర కనబడిన చోటినుండియే వెదకుదురు. మనము నడచినకొలది వారికి దూరమగుదుము. ప్రతివాని మెడలోను ఒక ఈల యుండవలెను. మూడుసార్లు ఊది, ఆగి, మరల మూడుసార్లు ఊదవలెను. దీనిని పాఠశాల మైదానమున ఆటగ నేర్చికొనుడు.

మూటను గూర్చి చెప్పవలసినది కొంచెమే. నిండుచేతుల నూలు చొక్కా, కాలిని కప్పు బూట్లు, దుప్పటి, దోమతెర, నీళ్లసీసా, టార్చి, విస్తరాకులు, నోటుపుస్తకము, పెన్సిలు. మంచుకు తడిసిన కాగితముపై సిరా చెదరును గాని పెన్సిలు వ్రాత చెదరదు. తినుటకు పులిహోర, అటుకులు, వేరుసెనగ ఉండలు చాలును. మిలమిలలాడు ప్లాస్టిక్ పొట్లములు వద్దు. విరేచనములు పట్టుకొనినచో లీటరు కాచిన నీటిలో ఆఱు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగ త్రాగింపవలెను. బూట్లు లేని పిల్లవాడు సిగ్గుపడి తానుగా రానని చెప్పును. అట్టివానిని గుర్తించి ముందుగనే ఏర్పాటు చేయుట ఉపాధ్యాయుల పని.

తల్లిదండ్రుల అనుమతి అన్నింటికంటె కఠినమైన ఘట్టము. కొన్ని యిండ్లలో కొడుకును పంపి కూతును ఆపుదురు. వారి ప్రశ్నలు న్యాయమైనవే: రాత్రి కాపలా యెవరు? ఆడపిల్లలు ఎచ్చట పండుకొందురు? మఱుగుదొడ్డి కలదా? ఎందఱు ఉపాధ్యాయినులు వెంట వత్తురు? నెలసరి వచ్చినచో ఏమి ఏర్పాటు? ఈ ప్రశ్నలకు పాఠశాల కాగితముపై వ్రాసి సమాధానమీయవలెను. ఈయలేనిచో యాత్రను మానుకొనవలెను గాని, బాలురను మాత్రము గొనిపోవుట తగదు. ఉబ్బసము, మూర్ఛ మున్నగు వ్యాధులున్నచో తల్లిదండ్రులును దాచక చెప్పవలెను.

కిన్నెరసాని పరిసరములలో కోయల గూడెములు కలవు. అవి చూడవచ్చిన వింతలు కావు, కాపురముండు ఇండ్లు. అడుగక ఛాయాచిత్రము తీయరాదు. ఇప్పచెట్టు క్రింద రాలిన పూలు, తునికి ఆకులు వారి జీవనాధారములు. వానిని త్రొక్కక నడువవలెను. ఏ చెట్టు ఏ కాలమున పూచునో, ఏ అడుగు ఏ జంతువుదో వారిని వినయముగ అడిగినచో, అడవిలోనే పెరిగినవారి నోట వినగలరు. వారు చెప్పిన పేర్లను చెప్పినట్లే వ్రాసికొనుడు.

మరలివచ్చిన మఱునాడు బట్టలు విప్పి పిడుదులున్నవేమో చూచికొని, వేడినీటితో స్నానము చేయుడు. పిమ్మట పాఠశాలలో పత్తిచేని చదరపు లెక్కను, గట్టు లెక్కను, అడవి లెక్కను ఒకే పెద్ద కాగితముపై ప్రక్కప్రక్కన వ్రాసి గోడకు తగిలింపుడు. నోటుపుస్తకములను గ్రంథాలయములో భద్రపఱచినచో, మఱుసటి యేడు అదే మాసమున పోవు విద్యార్థులు ‘అ’ అను మొక్క ఇంకను అచ్చట నున్నదేమో చూచి రాగలరు.