ఏరియేటర్ బోర్డుకు తగిన సోల్డరింగ్ ఐరన్

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న కొల్లేటి చుట్టూ, ముఖ్యంగా ఆకివీడు ప్రాంతంలో, చేపల చెరువులు, రొయ్యల చెరువులు విస్తరించిన కొద్దీ ఎలక్ట్రానిక్ మరమ్మతు రేడియోలను, టీవీలను దాటి నీటికి గాలి అందించే ఏరియేటర్‌కు చెరువు గట్టు మీద ఉండే ప్యానెల్ దాకా వచ్చింది. నీటిలో కరిగిన ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా తగ్గిపోతుంది కనుక, ఆ వేళ ఏరియేటర్‌ను నడిపే ఆటో స్టార్టర్ బోర్డులో ఒక్క అతుకు వదిలినా రొయ్యకు ఊపిరాడదు. అందుచేత ఆ అతుకు వేసే ఐరన్ ఎంపిక చిన్న విషయం కాదు.

తగరం, సీసం 60:40 పాళ్లలో కలిసిన తీగ, అంటే మెకానిక్కులు లెడ్డు అని పిలిచేది, 183 డిగ్రీల సెల్సియస్ వద్ద మెత్తబడి 190 దగ్గర పూర్తిగా కరుగుతుంది. ఐరన్ కొసన ఉండే బిట్టు మొన మాత్రం 320 నుంచి 350 డిగ్రీల మధ్య ఉంటేనే అతుకు రెండు మూడు సెకన్లలో పూర్తవుతుంది. వాట్ల సంఖ్య ఈ ఉష్ణోగ్రతను చెప్పదు. అతుకులోకి పోయిన వేడిని బిట్టు ఎంత త్వరగా తిరిగి పుంజుకోగలదో చెబుతుంది.

సాధారణమైన 25 వాట్ల ఐరన్‌లో ఉష్ణోగ్రతను అదుపు చేసే ఏర్పాటు ఉండదు. దాని శక్తి ఓల్టేజి వర్గాన్ని బట్టి మారుతుంది కనుక, 230 ఓల్టులు 180కి పడిపోతే 25 వాట్లు కాస్తా 15 వాట్లవుతాయి. అప్పుడు లెడ్డు కరిగినట్టే కనిపించినా లోహానికి పట్టుకోదు, దాన్నే డ్రై సోల్డర్ అంటారు. అదుపు లేని 60 వాట్ల ఐరన్ పెడితే బోర్డు మీది రాగి గీత ఊడి వస్తుంది. బిట్టు వేడిని కొలుస్తూ అవసరమైనంత కరెంటే తీసుకొనే 60 వాట్ల సోల్డరింగ్ స్టేషన్‌కు ఈ రెండు ఇబ్బందులూ చాలావరకు ఉండవు కనుక, నిత్యం బోర్డులు బాగుచేసేవారికి అదే సరైన కొనుగోలు.

రిలే కాలి చుట్టూ వెంట్రుకంత సన్నగా గుండ్రంగా పడిన పగులు ఈ ఎంపికకు మంచి పరీక్ష. ఆ కాలు మందంగా ఉండి వేడిని లాగేసుకుంటుంది కాబట్టి సూది మొన చాలదు, ఉలి ఆకారపు బిట్టు కావాలి. బిట్టును కాలికీ రాగికీ ఒకేసారి ఆనించి, లెడ్డును బిట్టుకు కాక అతుక్కే అందిస్తే, అది కాలిని చుట్టుకొంటూ శంకువులా మెరుస్తూ నిలుస్తుంది. కంసాలి పనిలో వెలిగారం చేసే శుద్ధినే ఇక్కడ తీగ నడుమ ఉన్న రోసిన్ చేస్తుంది. రేకుల పనికి వాడే యాసిడ్‌ను బోర్డు మీద వాడితే చెరువు గాలిలోని తేమకు అది అతుకును తినేస్తుంది.

ప్లగ్గు మూడు పిన్నులదై, ఎర్త్ నిజంగా పనిచేస్తూ ఉండాలి. లేకుంటే బిట్టుకు చేరిన లీకేజీ సున్నితమైన ఐసీలను దెబ్బతీయవచ్చు. ఇనుప పూత ఉన్న బిట్టును ఆకురాయితో రుద్దకూడదు. తడి స్పాంజితో తుడిచి, స్విచ్ ఆపే ముందు మొనకు కాస్త లెడ్డు పూసి ఉంచితే మరునాటికి తుప్పు పట్టదు.