గ్యాసు ఏల రాదు?
బ్రిటన్ దేశపు పాఠశాల ప్రయోగశాలలో తాళపుచెవి త్రిప్పినను బున్సెన్ దీపమునకు గ్యాసు రాకున్నచో, గ్యాసును అదుపుచేయు యంత్రము చెడినదని తొందరపడరాదు. పెక్కుమార్లు అది తన ధర్మమును నిర్వర్తించుచునే యుండును. గొట్టమునందలి విద్యుత్కవాటము తీగచుట్టలో కరెంటు ప్రవహించినంతసేపే తెరచుకొనియుండి, అది ఆగినతోడనే స్ప్రింగు బలముచే మూసికొనును. కవాటమును పూర్తిగా తెరచుటకు ముందు యంత్రము స్వల్పముగా గ్యాసును విడిచి, మరల నిరోధించి, పీడనము నిలుచునో లేదో పరీక్షించును. ఏ మూలబల్లమీదనో ఒక్క కుళాయి తెరచియున్నను పీడనము తగ్గును, గ్యాసు రాదు. కావున మొదట కుళాయిలనన్నిటిని, పిదప గ్యాసు నాపగల తక్కినవాటిని, అనగా ఎఱ్ఱని అత్యవసరపు మీటను, గాలిని వెలికిద్రోయు పంకాను ఉపాధ్యాయుడు పరిశీలింపవలెను. గ్యాసు వాసన వచ్చినచో మాత్రము ఏ స్విచ్చిని ముట్టక వెలుపలికి పోవలెను. ఏలయన స్విచ్చిలో పుట్టు చిన్న నిప్పురవ్వయే గ్యాసు నంటించుటకు చాలును.