పుప్పిపన్నుకు చికిత్స మేలైనదని ఎట్లు తెలియును?

కొబ్బరితోటల నడుమ కాలువగట్టున బడికి పోవు కోనసీమ బాలుడు, పుప్పిపన్ను బాధతో దంతవైద్య కళాశాల గల అమలాపురమునకు వచ్చినప్పుడు, అతనికిచ్చు చికిత్స మేలైనదని ముందుగా ఎట్లు నిర్ణయింపబడినది?

నోటిలోని సూక్ష్మజీవులు తీపిని ఆమ్లముగా మార్చును. ఆ ఆమ్లము పంటిపైని పింగాణి పొరను కరగించును. ఫ్లోరైడు అను లవణము ఈ కరగుటను నిరోధించునని ఊహించినంతనే చాలదు, పోల్చి చూడవలెను. అందుచేత 1945లో అమెరికాలోని గ్రాండ్ రాపిడ్స్ పట్టణపు నీటిలో లీటరుకు సుమారు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడు కలిపి, సమీపమునగల మస్కిగన్ నీటిని 1951 వరకు యథాతథముగా నుంచి, ఏండ్ల తరబడి పిల్లల పండ్లను పరీక్షింపగా, మొదటి పట్టణమున పుప్పి మిక్కిలి తగ్గినట్లు తేలెను. అయినను మితిమీరిన ఫ్లోరైడు హానికరము: అట్టి నీటివలన నెల్లూరు జిల్లా పల్లెప్రజల పండ్లు మచ్చలువడి, ఎముకలు బిగిసికొనిపోవుచున్నవని 1937లోనే షార్ట్ మున్నగు వైద్యులు ప్రకటించిరి.

చికిత్సలను పోల్చుటకు నేడు పరిశోధకులు, చీటీలు తీసినట్లు, రోగులను రెండు వర్గములుగా విభజించి, వేర్వేరు చికిత్సలిచ్చి, ఎవరికేది అందినదో ఫలితము కొలుచువారికి తెలియనీయరు. పక్షపాతమునకు తావుండరాదు గదా! రోగి సమ్మతి, బాలలైనచో తలిదండ్రుల సమ్మతి లేనిదే ఇట్టి పరీక్ష ఆరంభింపరాదు.