పాత వెండి కరిగించే ముందు: ముద్ర చూడండి, తూకం వేయండి, రాసిపెట్టండి

కిలో వెండి లక్ష రూపాయలు దాటిన దగ్గర్నుంచి మన ఇళ్ళల్లో ఒక మాట తరచుగా వినిపిస్తోంది. "బీరువాలో ఊరికే పడి ఉన్న పాత వెండి ఇచ్చేసి కొత్తది తెచ్చుకుందామా?" అని. కొరాపుట్, జయపురం, రాయగడ, గుణుపురం, ఎక్కడైనా ఇదే మాట. పెళ్ళిళ్ళ కాలం వస్తే మరీ ఎక్కువ.

ఇవ్వడం తప్పని నేను అనను. అవసరాలు ఎవరికి వారికే తెలుస్తాయి. కానీ దుకాణంలో పాత సామాను తీసుకునేటప్పుడు లెక్క ఒక్కటే: బరువెంత, అందులో తరుగెంత. చెంబు మీద చెక్కిన ముత్తవ్వ పేరుకు గాని, అడుగున ఉన్న ముద్రకు గాని, చేసిన కంసాలి పనితనానికి గాని అక్కడ విలువ కట్టరు. వాళ్ళు లోహం కొంటున్నారు, అంతే. కాబట్టి మనం ఇస్తున్నది లోహం మాత్రమేనా, ఇంకేమైనా ఉందా అన్నది ముందుగా తెలుసుకోవలసింది మనమే. ఒకసారి మూసలో పడ్డాక తిరిగి రాదు.

మన ఇళ్ళకు వెండి ఎలా వచ్చింది

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రం అయ్యేవరకు జయపురం సంస్థానమంతా మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లాలో ఉండేది. సంస్థానం కొలువుల్లోనూ, వ్యాపారాల్లోనూ, బడుల్లోనూ మన పెద్దలు ఇక్కడ స్థిరపడ్డారు. సంబంధాలు మాత్రం సాలూరు, పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం వైపు కలుపుకునేవారు. ఆడపిల్లతో పాటు ఘాటీ ఎక్కి వచ్చిన సారెలోనే మన వెండిలో ఎక్కువ భాగం ఉంది. చెంబు, కంచం, కుంకుమ భరిణె, గంధం గిన్నె, పన్నీరు బుడ్డి, దీపం కుందులు, పంచపాత్ర, ఉద్ధరిణ, పసిపిల్లలకు ఉగ్గుగిన్నె. రాయగడ మీదుగా రాయపూర్, విజయనగరం రైలు మార్గం 1931లో పూర్తయ్యాక రాకపోకలు ఇంకా సులువయ్యాయి.

రెండో దారి దొరల సామాను. ఆ రోజుల్లో ఇంగ్లీషు అధికారులు బదిలీ అయినా, ఉద్యోగం విరమించినా ఇంటి సామాను ఇక్కడే అమ్మేసి వెళ్ళడం మామూలే. టీ కుండలు, పాల జగ్గులు, ట్రేలు, చెంచాలు అలా చేతులు మారాయి. వాటిలో అప్పుడప్పుడు మన వాళ్ళు పోల్చుకోలేని వస్తువు ఒకటి బయటపడుతుంది. పొడుగ్గా, మూతతో, మూత కింద చిల్లుల జల్లెడతో ఉంటుంది. కొందరు పెద్ద పన్నీరు బుడ్డి అనుకుంటారు, కొందరు పాలపాత్ర అనుకుంటారు. అది కాక్‌టెయిల్ షేకర్.

షేకర్ అంటే ఏమిటి

మంచుముక్కలు, పళ్ళరసం, మద్యం కలిపి గట్టిగా కుదిపి వడకట్టే పాత్ర ఇది. మూడు భాగాలు: ఒళ్ళు, జల్లెడ, పై మూత. ఈ మూడు భాగాల రకానికి 1884లో అమెరికాలోని బ్రూక్లిన్‌కు చెందిన ఎడ్వర్డ్ హాక్ అనే ఆయన పేటెంటు తీసుకున్నాడు. అమెరికాలో 1920 నుంచి 1933 వరకు మద్యనిషేధం అమలైంది. నిషేధం ఉన్నా ఇళ్ళల్లో విందులు ఆగలేదు, నిషేధం ఎత్తేశాక మరీ పెరిగాయి. అందుకే 1920, 1930 ల నాటి షేకర్లే ఇప్పుడు సేకర్తల దగ్గర ఎక్కువగా కనిపిస్తాయి. పెంగ్విన్ పక్షి ఆకారంలో నేపియర్ కంపెనీ 1936లో చేసిన షేకర్‌కు ప్రపంచమంతా గిరాకీ ఉంది. చిత్రమేమిటంటే అది నిండు వెండి కూడా కాదు, వెండిపూత మాత్రమే. లోహం బరువుకూ వస్తువు విలువకూ సంబంధం తెగిపోవచ్చు అనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

వెండితోనే ఎందుకు చేశారంటే, లోహాలన్నిటిలోకీ వేడిని అతి వేగంగా దాటించేది వెండి. లోపల మంచు పడగానే పాత్ర అంతా చల్లబడి బయట చెమ్మ పడుతుంది. వెండి గ్లాసులో చల్లని మజ్జిగ తాగిన వాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

మద్యానికి వాడిన వస్తువు ఇంట్లో ఎందుకని కొందరు మొహమాటపడి ముందుగా దాన్నే కరిగిస్తారు. పూజలో పెట్టమని ఎవరూ అనరు. గాజు బీరువాలో పెట్టుకోవచ్చు, లేదా సేకర్తకు సరైన ధరకు అమ్మి ఆ డబ్బుతో కావలసిన కంచం చేయించుకోవచ్చు. తూకానికి ఇవ్వడం మాత్రం ఆఖరి దారి కావాలి.

ముద్రలు చదవడం

అడుగున గాని, అంచు దగ్గర గాని చిన్న చిన్న ముద్రలు ఉంటాయి. పదిరెట్లు పెద్దదిగా చూపే భూతద్దం చాలు.

నడిచే సింహం బొమ్మ ఉంటే ఇంగ్లండులో పరీక్షించిన స్టెర్లింగ్ వెండి అని అర్థం. స్టెర్లింగ్ అంటే వెయ్యి పాళ్ళలో 925 పాళ్ళు వెండి, మిగతా భాగం దాదాపు రాగి. సింహం పక్కన ఊరి గుర్తు ఉంటుంది: చిరుతపులి తల లండనుకు, లంగరు బర్మింగ్‌హామ్‌కు, కిరీటం షెఫీల్డుకు. షెఫీల్డు 1975 నుంచి కిరీటం మాని గులాబీ వాడుతోంది. ఒక అక్షరం పరీక్ష జరిగిన సంవత్సరాన్ని చెబుతుంది. పొడి అక్షరాలు చేసినవారివి. రాజుగారి తల గాని, రాణిగారి తల గాని ఉంటే అది పన్ను కట్టిన గుర్తు. 1784 నుంచి 1890 వరకు ఆ ముద్ర వేసేవారు. అమెరికా వస్తువుల మీద బొమ్మలకు బదులు "స్టెర్లింగ్" అన్న మాటే ఇంగ్లీషులో ఉంటుంది.

ఇంగ్లీషులో ఈ, పీ, ఎన్, ఎస్ అన్న నాలుగు అక్షరాలు కనిపిస్తే అది నికెల్ కలిసిన మిశ్రలోహం మీద కరెంటుతో వేసిన వెండిపూత. బర్మింగ్‌హామ్‌లోని ఎల్కింగ్టన్ వారు 1840లో ఈ పద్ధతికి పేటెంటు తీసుకున్నారు. జర్మన్ సిల్వర్ అని మన బజార్లో అమ్మేదానిలో వెండి బొత్తిగా ఉండదు. రాగి, నికెల్, జింకు కలిసిన లోహం అది. పెళ్ళి లాంఛనాల జాబితాలో "సిల్వర్" అన్న ఒక్క మాట రాసి తరువాత తగవు పడిన ఇళ్ళు ఉన్నాయి.

మన దేశంలో ఆ రోజుల్లో ఇంగ్లండు తరహా తప్పనిసరి ముద్ర లేదు. మద్రాసు పి. ఓర్ అండ్ సన్స్ వంటి పెద్ద దుకాణాలు తమ పేరు కొట్టేవి. దేవతామూర్తులు తీర్చిన వారి "స్వామి" పనితనం నేటికీ సేకర్తలు వెతికేదే. ఊరి కంసాలి చేసినదానిపై చాలాసార్లు ఏ ముద్రా ఉండదు. ముద్ర లేనంత మాత్రాన వెండి కాదనుకోవద్దు. వెండితీగ అల్లిక పని ఉంటే కరీంనగర్ ఫిలిగ్రీ గాని, కటక్ తారకసి గాని కావచ్చు. కరీంనగర్ పనికి 2007లో, కటక్ రూపా తారకసికి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అటువంటివి కరిగిస్తే మిగిలేది పిడికెడు వెండి, పోయేది నెలల పని.

కొత్తగా కొనేవారికి ఒక మాట. వెండికి హాల్‌మార్క్ ఇంకా ఐచ్ఛికమే. 2025 సెప్టెంబరు 1 నుంచి హాల్‌మార్క్ వేసిన వెండి మీద ఆరు అంకెలూ అక్షరాలూ కలిసిన హెచ్‌యూఐడీ సంఖ్య కూడా వేస్తున్నారు. ఆ సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు.

ఇంట్లో చేసుకోగల పరీక్ష

అయస్కాంతానికి వస్తువు అతుక్కుంటే వెండి కాదు. అతుక్కోకపోతే వెండేనని మాత్రం కాదు, ఇత్తడి కూడా అతుక్కోదు. అందుకు నీళ్ళ పరీక్ష మంచిది.

వస్తువును గ్రాముల్లో తూచండి. తరువాత నీళ్ళగిన్నెను వంటింటి ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టి సున్నా చేయండి. వస్తువును దారంతో కట్టి, అడుగుకూ గోడలకూ తగలకుండా, గాలిబుడగలు లేకుండా నీళ్ళలో పూర్తిగా ముంచి పట్టుకోండి. కాటా చూపిన అంకెతో మొదటి బరువును భాగించండి. ఉదాహరణకు గ్లాసు 156 గ్రాములు, నీళ్ళలో కాటా చూపింది 15 అయితే, ఫలితం 10.4. మేలిమి వెండికి 10.49 రావాలి, స్టెర్లింగ్‌కు 10.3, 10.4 మధ్య వస్తుంది. ఇత్తడి, జర్మన్ సిల్వర్ తొమ్మిది లోపే ఉంటాయి. లోపల గాలి మూసుకుపోయిన బోలు వస్తువులకూ, లక్క గాని సీసం గాని నింపిన కుందులకూ ఈ లెక్క పనికిరాదు.

దుకాణంలోని ఎక్స్‌రే యంత్రం చూసేది పైపొరనే. మందపు పూత ఉంటే అది కూడా పొరబడవచ్చు. అంకె, ముద్ర, కంటిచూపు మూడూ కలిస్తేనే నమ్మాలి.

షేకర్ గాని, మూతలున్న మరే ఇంగ్లీషు పాత్ర గాని అయితే ఇంకో నాలుగు చూడండి. విడివడే ప్రతి భాగం మీద ముద్ర ఉందా? ఒంటి ముద్రా మూత ముద్రా ఒక్కరివేనా? మూత బిగువుగా కూర్చుంటోందా? ఎక్కడైనా బూడిదరంగు మాటు కనబడుతోందా? నోటితో ఆవిరి ఊది ఏటవాలు వెలుతురులో చూస్తే చెరిపేసిన పేరు జాడ, పలచబడ్డ చోటు బయటపడతాయి. ఇవన్నీ ధరను మార్చే సంగతులే.

తులం, రూపాయి బిళ్ళ

పాత కట్నకానుకల కాగితాల్లో తులాల్లో రాసి ఉంటుంది. అప్పటి తులం 11.66 గ్రాములు. ఇప్పుడు చాలా దుకాణాల్లో తులమంటే పది గ్రాములు. నూరు తులాల వెండి అని రాసి ఉంటే అది 1,166 గ్రాములు, వెయ్యి కాదు. అన్నదమ్ముల పంపకంలో ఈ 166 గ్రాములే మాటామాటా పెంచుతాయి.

విక్టోరియా రాణి నుంచి అయిదో జార్జి వరకు రూపాయి బిళ్ళ బరువు కూడా ఒక తులమే. అందులో వెండి నూటికి 91.67 పాళ్ళు. బిళ్ళలు కరిగించి చెంబులు చేయించుకున్న ఇళ్ళు ఎన్నో. 1940 నుంచి వచ్చిన ఆరో జార్జి రూపాయిల్లో వెండి సగమే. 1947 నాటి బిళ్ళ పూర్తిగా నికెల్. అన్నిటినీ ఒకే సంచిలో పోసి ఒకే రేటు కట్టించుకోకండి.

తోమడం, దాచడం

వెండి నల్లబడేది గాలిలోని గంధకం వల్ల. మన కొండప్రాంతపు వానాకాలం చెమ్మ దాన్ని త్వరపెడుతుంది. విభూతితోనో, పీతాంబరి పొడితోనో వారంవారం రుద్దితే మెరుస్తుంది, నిజమే. ఆ మెరుపుతో పాటు చెక్కిన అక్షరాలూ ముద్రలూ కూడా అరిగిపోతాయి. పూత సామాను అయితే లోపలి లోహం బయటపడుతుంది. గోరువెచ్చని నీళ్ళు, మెత్తని సబ్బు, వెంటనే మెత్తని బట్టతో తుడవడం, మామూలుగా ఇంతే చాలు. వేడినీళ్ళలో అల్యూమినియం రేకు, వంటసోడా వేసి ముంచే పద్ధతి మామూలు గ్లాసులకు పనికొస్తుంది. నగిషీ ఉన్నవాటికి వద్దు, ఎందుకంటే చెక్కడాల్లో కావాలని ఉంచిన నలుపు కూడా పోతుంది.

ఉప్పు, గుడ్డు తగిలితే అప్పుడే కడగండి. రబ్బరు బ్యాండు చుట్టవద్దు, ఉన్ని బట్టలో పెట్టవద్దు. ఉతికిన పాత మల్లు పంచెలో చుట్టి పెట్టడమే మేలు.

పిల్లలకు విదేశాలకు పంపేముందు

అమెరికాలో ఉన్న అమ్మాయికి అమ్మమ్మ వెండి పంపాలని చాలామందికి ఉంటుంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన కళావస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. వస్తువు పాతదిగా కనిపిస్తే విమానాశ్రయంలో ఆపవచ్చు. అది నూరేళ్ళది కాకపోతే, పురావస్తు కాదని భారత పురావస్తు శాఖ నుంచి ధ్రువపత్రం ముందే తీసుకోవడం క్షేమం.

ఒక రిజిస్టరు

ఉద్యోగమంతా రిజిస్టర్లు రాసిన గుమాస్తాను కనుక చివరికి అక్కడికే వస్తాను. ఒక నోటుపుస్తకం తీసుకోండి. ఒక్కో వస్తువుకు ఒక పేజీ. పేరు, గ్రాముల్లో బరువు, ఎత్తు, ముద్ర బొమ్మ, చెక్కిన అక్షరాలు, ఎవరి పెళ్ళిలో ఏ ఊరి నుంచి ఎవరు పెట్టారు, ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది. ఫోనుతో అడుగునూ పక్కనూ రెండు ఫొటోలు తీసి అచ్చువేయించి అంటించండి. ఇంట్లో ఎనభై దాటిన వారుంటే వారిని పక్కన కూర్చోబెట్టుకుని రాయండి. "ఇది బొబ్బిలి పిన్ని పెట్టినది" అని చెప్పగలిగేది వాళ్ళే.

దొంగతనం జరిగినా, పంపకం జరిగినా, అమ్మవలసి వచ్చినా ఆ పుస్తకమే ఆధారం. కరిగించాలని నిర్ణయించుకున్నా సరే, ముందు ఆ పేజీ రాసి ఇవ్వండి. శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతానికి వెండి ఎలాగూ బయటకు తీస్తారు. తిరిగి బీరువాలో పెట్టేలోగా ఈ పని పూర్తి చేయండి. ముద్ర అర్థం కాకపోతే దాని ఫొటో మన సంఘానికి తీసుకురండి, కలిసి చూద్దాం.