కోనసముద్రపు మూస

జగిత్యాల నుంచి కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా ఆర్మూరుకు పోయే రహదారికి చేరువలో, నేటి నిజామాబాదు జిల్లాలో ఉన్న కోనసముద్రం ఒకప్పుడు ఇరాన్ దాకా పేరు మోసిన ఉక్కు తయారీ స్థలం. సిరిసిల్ల అనగానే మగ్గం గుర్తుకొచ్చినట్టు ఈ ఊరి పేరు చెప్పగానే గుర్తుకు రావలసిన వస్తువు మూస, అంటే లోహాన్ని కరిగించే మట్టిపాత్ర. కాని కీర్తి అంతా ఆ ఉక్కుతో సాగగొట్టిన కత్తులకే దక్కింది.

శుద్ధమైన ఇనుము కరగడానికి 1538 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. తిత్తులతో ఊదే బొగ్గు బట్టీలో అంత వేడి నిలవదు కనుక, ఖనిజంలోని ఆక్సిజన్‌ను బొగ్గు లాగేసుకున్నాక మిగిలే ఇనుము కరగకుండా, చిట్టెంతో, అంటే కరిగిన మలినాలతో, కలగలిసిన ముద్దగానే దిగుతుంది. అయితే ఇనుము కర్బనాన్ని పీల్చుకున్న కొద్దీ దాని ద్రవీభవన స్థానం తగ్గుతుంది. ఒకటిన్నర శాతం దాకా కర్బనం చేరితే 1400 డిగ్రీలు దాటిన కొద్దిసేపటికే అది పూర్తిగా కరిగి, చిట్టెం పైకి తేలి, అడుగున స్వచ్ఛమైన ఉక్కు నిలుస్తుంది. చిక్కంతా ఆ వేడిని గంటల తరబడి ఓర్చుకోగల పాత్ర దగ్గరే ఉంది.

మామూలు కుండమట్టి ఆ వేడికి మెత్తబడి కూలిపోతుంది. దక్కను పనివారు వేడికి తట్టుకునే మట్టిలో వరి ఊకను దండిగా కలిపారు. ఊక కాలగా మిగిలిన సిలికా మూస గోడకు గట్టిదనాన్ని ఇచ్చింది, బొగ్గయిన భాగం లోపలి ఇనుము తిరిగి ఆక్సైడుగా మారకుండా కాపాడింది. అమెరికా పరిశోధకురాలు థెల్మా లో 1980ల చివర్లో ఈ మూస పెంకులను పరీక్షించి ఊక పాత్రను వివరించారు. పొలంలో పనికిరాని పొట్టును ఇంత సూక్ష్మమైన పనికి పెట్టడం, ఆ ఉక్కు కత్తుల మీద కనిపించే అలల నగిషీ కంటే తక్కువ ప్రతిభేమీ కాదు.

మహా త్రికోణమితి సర్వేలో వైద్యుడిగా, భూగర్భ శాస్త్రవేత్తగా పనిచేసిన హెన్రీ వాయ్‌సీ ఈ పనిని కళ్లారా చూసి రాసిన వర్ణన, ఆయన 1824లో మరణించాక, 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. మైసూరు సీమలో మూసలోని ఇనుముకు తోడుగా తంగేడు పుల్లలు, పచ్చి ఆకులు వేసి కర్బనం అందించేవారు. కోనసముద్రంలో మాత్రం రెండు చోట్ల నుంచి తెచ్చిన రెండు రకాల ఇనుమును మూడుకు రెండు పాళ్లలో కలిపేవారు. ఒకదానిలో కర్బనం ఎక్కువగా, మరొకదానిలో తక్కువగా ఉండి, కలిసి కరిగినప్పుడు రెండూ సమపడేవని తరువాతి పరిశోధకులు భావించారు. చల్లారిన మూసను పగలగొడితేనే ఉక్కు బిళ్ల చేతికి వచ్చేది కనుక ప్రతి మూస ఆయుష్షూ ఒక్క కాపుతో తీరేది. ఆ బిళ్లలను మట్టి పూసి మళ్లీ మళ్లీ కాల్చి, సుత్తి దెబ్బకు పగలనంత మెత్తగా చేసేవారు.

ఈ కుటుంబ వృత్తికి కాగితం మీద రాసిన సూత్రం లేదు, తండ్రి చేయి చూసి కొడుకు నేర్చిందే విద్య. తెలుగు, కన్నడ నాలుకల మీది ‘ఉక్కు’ నుంచి పుట్టిందని భావించే ‘వుట్జ్’ అనే పేరుతో ఈ లోహం ఐరోపాకు చేరింది. జార్జ్ పియర్సన్ 1795లో రాయల్ సొసైటీకి దాని గుణాలను నివేదించాడు. 1819 నుంచి మైకేల్ ఫారడే, కత్తుల తయారీదారు జేమ్స్ స్టోడార్ట్‌తో కలిసి దాన్ని అనుకరించబోయి మిశ్రమ ఉక్కుల అధ్యయనానికి దారి వేశాడు. 1856లో బెస్సెమర్ పద్ధతి వచ్చాక చవక ఉక్కు టన్నుల కొద్దీ తయారైంది, కత్తులకు గిరాకీ తగ్గింది, మూస బట్టీలు చల్లారాయి.

వాయ్‌సీ కోనసముద్రంలో ఇస్ఫహాన్ వర్తకుడు హాజీ హుసేన్‌ను కలిశాడు. ఇనుము పాళ్లు తూచడం దగ్గర నుంచి బిళ్లలను పరీక్షించడం దాకా ఆ వర్తకుడే దగ్గరుండి చూసుకునేవాడు. అయినా ఇదే ఉక్కును తమ దేశంలో చేయబోయి పర్షియన్లు విఫలమయ్యారని అతడే చెప్పాడు. అతడు కొన్నది బిళ్లలను. మూస మాత్రం పెంకులుగా కోనసముద్రం దిబ్బల్లోనే మిగిలింది.