పంట మార్చినా మొక్క పసుపేనా? వేరు పీకి చూడండి

నిర్మల్ దగ్గర మా మామూ మూడెకరాలు కౌలుకు చేస్తారు. ఐదారేళ్లుగా వరసగా పత్తే. కిందటి యాసంగిలో ఒక ఎకరం శనగ వేశారు, భూమికి బలం అని ఎవరో చెప్తే. నెల తిరక్కుండానే ఫోన్. "బేటా, మొక్క పసుపు పడింది, యూరియా చల్లాలా?" నేను చదివింది బీకామ్! వ్యవసాయ అధికారిని అడిగితే ఆయన అన్న మొదటి మాట, "ఒక మొక్క పీకి వేరు చూడమనండి."

చూస్తే బుడిపెలు దాదాపు లేవు.

గాలిలో 78 శాతం నత్రజనే, కానీ మొక్క దాన్ని నేరుగా తీసుకోలేదు. పప్పుజాతి మొక్కల వేరు బుడిపెల్లో ఉండే రైజోబియం బ్యాక్టీరియా ఆ పని చేసిపెడుతుంది. బదులుగా మొక్క దానికి తిండి పెడుతుంది. పొత్తు వ్యాపారం లాంటిది. అయితే పత్తికి, మొక్కజొన్నకు, వరికి ఈ బుడిపెలు రావు. ఏళ్ల తరబడి అదే పత్తి వేస్తే, తోడు మొక్క దొరక్క నేలలో ఈ బ్యాక్టీరియా తగ్గిపోతూ ఉంటుంది. మధ్యలో పప్పు పంట పడితే మళ్లీ పెరుగుతుంది. పంట అయ్యాక బుడిపెలు కుళ్లి, అది మట్టిలోకే చేరుతుంది.

చాలామంది పొరపడేది ఇక్కడే. కంది, పెసర, మినుము, వేరుశనగలకు దాదాపు ఒకే గుంపు బ్యాక్టీరియా సరిపోతుంది. శనగది వేరే, సోయాది వేరే. వానాకాలం సోయా వేశాం, అదే శనగకూ పనికొస్తుందిలే అంటే కుదరదు. కొత్తగా వేసే పొలమైతే ఆ పంటకు చెందిన రైజోబియం కల్చర్‌ను బెల్లం నీళ్లతో విత్తనానికి పట్టించి, నీడలో ఆరబెట్టి, వెంటనే విత్తాలి. తెగులు మందు పట్టించేది ఉంటే అది ముందు, కల్చర్ చివర. యూరియా ఎక్కువ చల్లితే మాత్రం మొక్క బుడిపెలు కట్టడమే తగ్గిస్తుంది.

ఇంకో లెక్క కూడా ఉంది. పంట పట్టిన నత్రజనిలో పెద్ద వాటా గింజలతో మార్కెట్‌కే పోతుంది. నేలకు మిగిలేది వేళ్లు, రాలిన ఆకు. ఆ చెత్త తగలబెడితే అదీ పోయినట్టే. ఆ మిగులు అందేది తర్వాతి పంటకు. మామూ అడిగింది అదే. "వచ్చే ఏడు ఈ భూమి నాకే ఇస్తారని ఏం నమ్మకం?" నోటిమాట కౌలు మరి. నా దగ్గర జవాబు లేదు.

ఈసారి పత్తి సాళ్ల మధ్య కంది వేశారు. నెల దాటాక బుడిపె కోసి చూస్తే లోపల ఎర్రగా ఉందట. అంటే పనిచేస్తున్నట్టు. తెల్లగానో పచ్చగానో ఉంటే పనిచేయనట్టు.